కూకో, లెగు, వొంగు, గెంతు

ఆ జనవరి ఇరవై ఆరున టాటానగర్‌లో మా బాగ్‌బేరా రైల్వే కాలనీ క్లబ్బు సెక్రటరీ గోవిందరావు గారు కొత్త ప్యాంటు వేసుకుని జెండా ఎగరెయ్యడానికి వచ్చారు. దారిలో మా చిలకమ్మ బాప్ప ఎదురై, ఒక్కసారి కూర్చుని లేవమంది. ఆయన కూర్చున్నారు. లేచారు. ప్యాంటు కూడా లేచింది, కాకపోతే రెండు ముక్కలుగా లేచింది. కార్యక్రమం అనుకున్న వేళకే జరిగింది. జెండా బాగా ఎగిరింది. పిల్లలకి లడ్డూలు సరిపోయాయి. చెప్పుకోవలసిన విశేషం ఒక్కటే. ఆ రోజు సెక్రటరీ గారు స్తంభం దాకా వెనక్కి నడిచి వెళ్ళారు, ఆఖరి మనిషి ఇంటికి వెళ్ళేదాకా సభకి వెన్ను చూపలేదు. కొత్తగా బదిలీ మీద వచ్చిన ఒక ఆఫీసరు గారు, "జనమంటే ఎంత గౌరవమండీ ఈయనకి!" అని మెచ్చుకున్నారు.

"సూసినావా పైడీ, నాను సెప్పనేదా?" అంది బాప్ప నా చెవిలో. "ఆ ప్యాంటు నిలబడ్డానికే పనికొత్తాది. మడిసన్నోడు రోజల్లా నిలబడే ఉంటాడేటి?"

మా చిలకమ్మ బాప్పకి ఉన్న జబ్బు అదొక్కటే. ఎవరి ఒంటి మీద కొత్త బట్ట కనిపించినా ఆ మనిషిని కూర్చోబెట్టాలి, లేపాలి, వంచాలి, గెంతించాలి. "కూకో, లెగు, వొంగు, గెంతు." ఈ నాలుగూ అయితే గానీ ఆమె దృష్టిలో అది బట్ట కాదు, గుడ్డ. నాన్న అక్కగారిని మా వైపు వాళ్ళు బాప్ప అంటారు. నాకు సొంత బాప్పే. కాలనీలో మిగతా వాళ్ళకి ఏమీ కాకపోయినా వాళ్ళూ అలాగే పిలిచేవారు. పిలవకపోతే ఎక్కువసార్లు గెంతిస్తుందని భయం.

ఈ జబ్బుకి మూలం బాప్ప భర్త, మా సన్యాసిరావు మావయ్య పంచె. పెళ్ళయిన కొత్తలో ఆయన టాటానగర్ యార్డులో వ్యాగన్లు తగిలించే పనిలో చేరాడు. ఒకనాడు రెండు వ్యాగన్ల మధ్య వంగి కొక్కెం తగిలిస్తుంటే పంచె చెంగు కూడా దానికి తగులుకుంది. బండి కదిలింది. మావయ్య టాటానగర్‌లోనే ఉండిపోయాడు. పంచె మాత్రం టిక్కెట్టు లేకుండా చక్రధర్‌పూర్ దాకా వెళ్ళింది. యార్డంతా పడీపడీ నవ్వింది. పంచెతో పాటు మనిషి కూడా వెళ్ళి ఉంటే ఏమయ్యేదన్నది మాత్రం బాప్ప ఒక్కతే ఆలోచించింది. ఆ తర్వాత మావయ్య ఒంటి మీదకి ఏ కొత్త బట్ట వచ్చినా ముందు వంటింట్లో పరీక్ష నెగ్గాలి. రోలు ఇంజను మెట్టు. రుబ్బురోలు వ్యాగను.

పక్క క్వార్టరులోకి కొత్తగా దిగిన కస్తూరమ్మ గారు ఒక పొద్దున్న కిటికీలోంచి ఇదంతా చూసింది. లోపల ఆడ గొంతు, "కూకో! లెగు! వొంగు! గెంతు!" అంటోంది. మీసాలున్న మనిషి కిక్కురుమనకుండా చేస్తున్నాడు. ఆవిడ బెదిరిపోయి మా అమ్మ దగ్గరకి పరిగెత్తుకొచ్చింది.

"ఏం తప్పు చేశారండీ ఆయన?"

"కొత్త యూనిఫారం వేశాడు," అంది మా అమ్మ బియ్యం ఏరుకుంటూ.

బిష్టుపూర్ బజారులో మావయ్యకి ప్యాంటు కొనడానికి బాప్ప మావయ్యని తీసుకెళ్ళేది కాదు. ఆయనకి డ్యూటీ. అక్కడొక కొట్లో బలరామ్ అనే సేల్స్‌మన్ ఉండేవాడు. పాపం, అతని నడుమూ మావయ్య నడుమూ ఒకటే. అతను చేసుకున్న పాపం అంతే. ఆమె బస్సు దిగడం చూస్తే చాలు, బలరామ్ గుడ్డ తానుల వెనక నక్కేవాడు. యజమాని చెవి పట్టుకుని ముందుకి తోసేవాడు.

"మాజీ, కల్ హీ తో బైఠా థా!" అని మొత్తుకునేవాడు, నిన్ననే కదమ్మా కూర్చున్నాను అని.

"నిన్న కూకున్నది గళ్ళ ప్యాంటులో. ఇది సారల ప్యాంటు. కూకో."

ఆమె తెలుగులోనే చెప్పేది. అతను హిందీలోనే ఏడ్చేవాడు. భాష వల్ల వాళ్ళిద్దరి మధ్య ఏనాడూ ఇబ్బంది రాలేదు.

ఇలాంటి మనిషి ఆడపిల్లల కబడ్డీ జట్టుకి మేనేజరు అయిందంటే కారణం, ఇంకెవరూ ఒప్పుకోకపోవడం. జెండా ఎగిరిన ఆ యేడే, అంటే డెబ్భై ఏడులో, బిష్టుపూర్‌లో ఒక మైదానంలో బస్తీ జట్లకి ఆడపిల్లల కబడ్డీ పోటీలు పెడుతున్నారని తెలిసింది. సెక్రటరీ గారు కాలనీ పరువు కోసం పదిమంది ఆడపిల్లల్ని పోగేశారు. అందులో నేనూ ఉన్నాను, లెక్క పదికి రావాలి కాబట్టి. తండ్రులు ఒక షరతు పెట్టారు. కూడా పెళ్ళయిన ఆడమనిషి ఎవరైనా ఉండాలి.

"నీకు కబడ్డీ తెలుసా బాప్పా?" అని అడిగారు సెక్రటరీ గారు, ప్యాంటు పాతదే వేసుకుని వచ్చి.

"సెడుగుడే కదేటి? ఊపిరి బిగబట్టుకుని అవతలోల్లింట్లోకి ఎల్లాలి, అందరికీ సెయ్యి తగిలించాలి, ఎవులికీ దొరక్కుండా మనింటికి ఒచ్చీయాలి. ఇరవై ఏళ్ళ బట్టి అత్తోరింట్లో కాపరం సేత్తన్నాను. నాకు తెల్దా?"

ఆయన మేనేజరు పేరు దగ్గర చిలకమ్మ అని రాసుకున్నారు.

మా జట్టుకి ప్రాణం పోలమ్మ. పట్టాల మీద గ్యాంగులో పనిచేసే ముసలయ్య కూతురు. పొడగరి, మంచి ఒళ్ళు. ఆమె కూతకి వెళితే అవతలి వాళ్ళు ఆమెను పట్టుకోవడమనేది ఉండేది కాదు. పట్టుకున్న వాళ్ళు ఆమెతో పాటు మా వైపుకి వచ్చేసేవాళ్ళు. ఇక ఊపిరంటారా, గూడ్సు బండి గేటు దగ్గరకి వచ్చినప్పుడు కూత మొదలుపెడితే, వెనక గార్డు పెట్టె కూడా దాటాక గానీ ఆపేది కాదు.

గీత బయట మాత్రం అంత పిరికి మనిషి కాలనీలో లేదు. గోడ వారగా నడిచేది. కుళాయి దగ్గర అందరూ వెళ్ళాక వచ్చేది. ఆమెను చూసి కుర్రాళ్ళు "ఇంజన్ ఆ గయా!", అంటే ఇంజను వచ్చేసిందిరా, అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె భుజాలు రెండూ లోపలికి ముడుచుకునేది, కొంచెం తగ్గి కనపడదామని.

ముసలయ్య సెక్రటరీ గారితో ఒకటే మాట అన్నాడు. "ఆడుకోనీండి బావూ, ఆలకి సరదా. నా కూతుర్ని సూసి ఎవుడైనా ఒక్క నవ్వు నవ్వినాడా, ఆయేల్టితో దాని ఆట బందు. మరి నన్నడగొద్దు."

ముసలయ్య మాట అంటే పట్టాకి కొట్టిన మేకు.

మొదట సెక్రటరీ గారు మగపిల్లల జట్టు పాత బనీన్లు పంపించారు. ఉతికించే పంపించారు, ఆ మాట చెప్పుకోవాలి. నాకు వచ్చిన బనీను మెడ నా మెడతో ఏ సంబంధమూ పెట్టుకోకుండా భుజం మీదుగా మోచేతి వైపు ప్రయాణం చేసేది. జాకెట్ల మీద బనీన్లు తొడుక్కుని, ఎడమ చేత్తో వాటిని పట్టుకుని, కుడి చేత్తో ప్రాక్టీసు ఆట ఆడాం. పోలమ్మకి ఏ బనీనూ పట్టక ఓణీ నడుముకి బిగించుకుని ఆడింది. తొలి పట్టులోనే దాని చెంగు దొరకబుచ్చుకుని ఆమెను ఆపేశారు. అరవై టన్నుల వ్యాగన్ని పురికొసతో ఆపినట్టు ఉంది.

"దేవుడు రెండు సేతులిచ్చినాడు బావూ," అంది బాప్ప సెక్రటరీ గారితో. "ఒకటి సొక్కా పట్టుకోడానికి పోతే ఆటకి మిగిల్నవెన్ని?"

"ఆడపిల్లల ఆటకి ఆ మాత్రం చాలదా బాప్పా?"

బాప్ప ఆయన ప్యాంటు వైపు చూసింది. "కొత్తదేటి?" అంది.

కొత్త బట్టలకి ఆ క్షణంలోనే మంజూరు దొరికింది.

కింద ఏం తొడుక్కోవాలన్న దాని మీద పెద్ద పంచాయితీ అయింది. సెక్రటరీ గారు నిక్కరన్నారు. తండ్రులు చీలమండ అన్నారు. సెక్రటరీ గారు మోకాలి దాకా దిగారు. తండ్రులు పిక్కల దాకా ఎక్కారు. చివరికి మోకాలి కింద నాలుగు వేళ్ళ దగ్గర సంధి కుదిరింది. "ఎవుల వేళ్ళు?" అన్నాడు ముసలయ్య. "నీవే," అన్నారు సెక్రటరీ గారు, బేరం తెగితే చాలని. ముసలయ్య వేళ్ళు ఒక్కొక్కటీ అరటికాయంత. మా పైజామాలు అలా మళ్ళీ సగం పిక్క దాకా వెళ్ళాయి.

చొక్కాల దగ్గర వచ్చింది అసలు తంటా. భాలుబాసాలో జగ్గారావు అని మనవాళ్ళ దర్జీ ఉన్నాడు. జాకెట్టు కుట్టాలంటే అతనే. అప్పట్లో మా ఇళ్ళల్లో ఆడపిల్ల ఒంటికి దర్జీ టేపు తగలడమన్నది లేదు. బాగా అమరిన పాత జాకెట్టు ఒకటి పంపేవాళ్ళం. అదే ఆది. దాన్ని చూసి కొత్తది కుట్టేవాడు. అందుచేత "అమ్మాయిల కొలతలు పంపండి" అని సెక్రటరీ గారు కబురు పెట్టేసరికి పది ఇళ్ళ నుంచి పది ఆది జాకెట్లు వచ్చాయి. ఆయన వాటిని మూటగట్టి, నీలం గుడ్డ తానుతో సహా జగ్గారావుకి అప్పజెప్పి, "ఆది ప్రకారం కుట్టు, వెనకాల నంబర్లు వెయ్యి" అని వచ్చేశారు. బాప్ప ఊళ్ళో లేదు. బొబ్బిలిలో ఏదో పెళ్ళికి వెళ్ళింది. పెళ్ళికొడుకు గెంతాడని తర్వాత విన్నాం.

జగ్గారావు చెప్పిన మాట జవదాటే మనిషి కాదు. పది నీలం జాకెట్లు వచ్చాయి. ముందు హుక్కులు, వెనక లోతు మెడ, పొట్టి చేతులు. నడుముకి జానెడు పైనే ఆగిపోయాయి. వీపు మీద చోటు చాలక నా పదో నంబరులో సున్నా వీపు మీదా, ఒకటి జబ్బ మీదా పడ్డాయి.

సెక్రటరీ గారు తల పట్టుకున్నారు. "కబడ్డీకని చెప్పలేదటోయ్?"

"సెప్పినారు. ఆది కూడా పంపినారు. ఆది పెకారం కుట్టినాను," అన్నాడు జగ్గారావు. "సేతులకి బోర్డరు మాత్రం నా కానుక."

బొబ్బిలి నుంచి వచ్చిన బాప్ప ఒక జాకెట్టుని అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగున్నాయి. ఇయ్యేసుకుని, గోల్మురి జట్టోల్లకి బొట్టెట్టి, పేరంటానికి పిలిసి ఒచ్చీండి," అంది.

అవి వృథా మాత్రం పోలేదు. ఆ యేడంతా కాలనీలో తల్లులు నంబర్లున్న జాకెట్లు వేసుకుని తిరిగారు. కస్తూరమ్మ గారు నాలుగు. మా అమ్మ సున్నా.

ఇక బాప్ప స్వయంగా రంగంలోకి దిగింది. మగవాళ్ళని బయటికి తోలి, తలుపేసి, నవారు ముక్క పట్టుకుని ఒక్కొక్కర్నీ కొలిచింది. "నిలబెట్టి కొలిత్తే బొమ్మకి సరిపోతాది. సేతులెత్తు. వొంగు. కాలు ముందరికి సాపు." నవారు ఎక్కడ బిగిస్తే అక్కడ ముడి. చంక కింద నలుచదరపు ముక్క వేసి కుట్టాలంది, చెయ్యెత్తితే చొక్కా అంతా పైకి రాకుండా. చెయ్యి మాత్రమే రావాలంది.

పోలమ్మ వంతు వచ్చింది. నవారు నడుం చుట్టూ తిరిగేసరికి ఆమె ఊపిరి లోపలికి లాగి పట్టేసింది.

"ఊపిరి ఒగ్గే," అంది బాప్ప.

పోలమ్మ వదల్లేదు. మాలాంటి వాళ్ళు ఊపిరి పడితే ఎంతసేపని? ఆమె పోలమ్మ. బాప్ప వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చింది. పోలమ్మ అలాగే ఉంది. బాప్ప పప్పుకి పోపు పెట్టి వచ్చింది. పోలమ్మ అలాగే ఉంది, మొహం మాత్రం పోపులో ఎండుమిరపకాయలా అయింది. చివరికి బాప్పే ఓడిపోయి, దొరికిన కొలతకి తన అంచనా కొంత కలుపుకుని ముడి వేసింది. జగ్గారావుకి మాత్రం గట్టిగా చెప్పింది, ప్రతి చొక్కాకీ రెండు పక్కలా లోపల దండిగా గుడ్డ మడిచి వదలమని.

పోటీలకి ముందు ఆదివారం, క్లబ్బు వరండాలో పరీక్ష. ఊరంతా వచ్చింది. తల్లులు చాపల మీద. సెక్రటరీ గారు నిలబడే. జగ్గారావు మీసం దువ్వుకుంటూ ఒక పక్క. ముసలయ్య ముందు వరసలో కుర్చీ వేసుకుని, నవ్వేవాడెవడా అని చూస్తూ కూర్చున్నాడు.

మేం పదిమందిమీ నంబర్ల వరసలో నిలబడ్డాం. జాకెట్ల మీద నీలం చొక్కాలు. ఒకటో నంబరు పోలమ్మ. గోడకి అతుక్కుని ఉంది. పలకడం లేదు. కదలడం లేదు. ఊపిరి తీసుకుంటున్న జాడ కూడా లేదు. బాప్ప ఆమె వైపు ఒక్క చూపు చూసింది.

"ఇయాల ఎనక నుండి," అంది. "రాయే పైడీ. కూకో."

కూర్చున్నాను. లేచాను. వంగాను. గెంతాను. అప్పటికి పుట్టి పదహారేళ్ళయింది గానీ అంత బాగా అమరిన బట్ట నేనెప్పుడూ తొడుక్కోలేదు. చేతులెత్తితే చేతులే లేచాయి. తల్లులు చప్పట్లు కొట్టారు. జగ్గారావు రెండో మీసం మీద చెయ్యేశాడు.

"ఉండుండు. సంక కుట్టు సూడనీ," అంటూ బాప్ప నా వెనక్కి వచ్చి చెయ్యెత్తించింది.

పర్ర్!

"ఓలమ్మో! ఇదేటి కుట్టు జగ్గారావూ! మునగాకు దూసినట్టు ఒచ్చీసినాది!"

వరండా గొల్లుమంది. నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత తొమ్మిదో నంబరు వచ్చింది. కూర్చుంది, లేచింది, వంగింది, గెంతింది. బాప్ప వెనక్కి వెళ్ళింది. పర్ర్! నా ఏడుపు ఆగింది. ఎనిమిదికి నవ్వొచ్చింది. ఏడో నంబరు అమ్మాయి, "బాప్పా, మేరా భీ ఫాడ్ దో!" అని, నాదీ చింపెయ్యమని, తనే చెయ్యెత్తుకుని వచ్చింది. సెక్రటరీ గారు అందరికన్నా గట్టిగా నవ్వారు. "నా ఒక్కడి ప్యాంటూ చిరిగినట్టు కథలు కథలుగా చెప్పుకున్నారు కదా! చూడండి ఇప్పుడు!" అని అరిచారు. నంబరు నంబరుకీ చప్పట్లు. జగ్గారావు ఏదో అనబోయి, బాప్ప వైపు చూశాడు, ఆ వెనక గోడ వైపు చూశాడు. ఏమనుకున్నాడో నోరు మూసుకున్నాడు.

ఒకటో నంబరు. పోలమ్మ గోడ వదిలి రెండడుగులు వేసింది.

"కూకో."

కూర్చోబోయింది. కూర్చుంటూ ఊపిరి వదిలింది. పర్ర్ర్! ఒక పక్క కాదు, రెండు పక్కలా, చంక నుంచి నడుం దాకా.

తొమ్మిది చొక్కాలకి నవ్విన నవ్వే పదోదానికీ నవ్వారు జనం. అందులో కొత్తేమీ లేదు. ముసలయ్య మాత్రం కుర్చీలోంచి లేచాడు. నవ్వేవాళ్ళ చేతులు నోళ్ళ మీదకి వెళ్ళాయి.

"ఏటోయ్ జగ్గారావూ!" అన్నాడు. "అందరికీ ఒక్క పక్కే ఇడిసిపెట్టీసి, మా గుంటకి రెండు పక్కలా సింపీసినావు! నానంటే నీకంత ఇదేటి?" అని తనే పకపకా నవ్వడం మొదలుపెట్టాడు.

అప్పుడు నవ్వింది పోలమ్మ. కడుపు పట్టుకుని, భుజాలు విప్పుకుని, ఊపిరంతా బయటికి పోయేలా నవ్వింది. ఆమె అలా నవ్వుతుండగానే బాప్ప మెరుపులా నవారు చుట్టి ముడి వేసేసింది. ఆ తర్వాత ఊరికే మా తొమ్మిది మందికీ కూడా మళ్ళీ నవారు చుట్టింది.

జగ్గారావు చొక్కాలు పదీ మూటగట్టుకుని, దొంగ దారం వాడాడన్న పేరు కూడా మూటగట్టుకుని వెళ్ళాడు. రెండో రోజుకల్లా తెచ్చాడు. లోపల మడిచిన గుడ్డ ఉంది కాబట్టి సరిపోయింది. ఈసారి ఒక్కటీ చిరగలేదు.

పోటీ నాడు మొదటి ఆట గోల్మురి వాళ్ళతో. పోలమ్మ గీత దగ్గరకి వచ్చి తొడ చరిచింది. గట్టు మీద నుంచి ఎవడో, "ఇంజన్ ఆ గయా!" అన్నాడు. పోలమ్మ ఒక్క క్షణం నిలబడిపోయింది. అంతలో డ్యూటీ నుంచి తిన్నగా వచ్చిన మా మావయ్య, అంతకు ముందూ ఆ తర్వాతా మాటలు తక్కువైన మా మావయ్య, సంచిలోంచి పచ్చ జెండా తీసి ఊపాడు. "లైన్ క్లియర్!" అన్నాడు.

ఇంజను కదిలింది. రెండు చేతులూ రెక్కల్లా చాపుకుని వెళ్ళింది. చొక్కా ఎక్కడిదక్కడే ఉంది. నలుగురు ఒకేసారి మీద పడ్డారు. నలుగురినీ తగిలించుకుని, కూత ఆపకుండా, గీత ఇవతలికి లాక్కొచ్చేసింది. వాళ్ళలో ఒకమ్మాయి ఇవతలికి వచ్చాక కూడా వదల్లేదు, స్టేషన్ ఇంకా రాలేదనుకుంది కాబోలు.

గట్టు మీద ఎవడో పెద్దగా నవ్వుతున్నాడు. ఆ నవ్వేవాడెవడో చూద్దామని ముసలయ్య చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ లేచాడు. చూసుకుంటే తనే.

ఆ ఆట గెలిచాం. తర్వాతి ఆట ఓడిపోయాం. కప్పు సాక్చీ వాళ్ళు పట్టుకెళ్ళారు. అయితే ఆ రోజు మాలో ఒక్కరి చెయ్యి కూడా చొక్కా కోసం వెనక్కి వెళ్ళలేదు. మరుసటి యేడు మా కాలనీ నుంచి రెండు జట్లు తయారయ్యాయి. పోలమ్మ అలా ఆడుతూనే రైల్వేలో ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగం తెచ్చుకుంది. ఇప్పుడు ఆడపిల్లలకి ఆట నేర్పుతోంది. కొత్త బట్టలు వస్తే గోడ వార నిలబడదు. మైదానం మధ్యలో నిలబడి, మా బాప్ప గొంతుతోనే, "కూకో, లెగు, వొంగు, గెంతు!" అంటుంది.

ఇక నా పెళ్ళి సంగతి. ఎనభై నాలుగులో సూర్యం అనే అబ్బాయి నన్ను చూడడానికి వచ్చాడు. కొత్త ప్యాంటు. కాఫీలు అవ్వకుండానే బాప్ప చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పింది. పెద్దవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. అతను కూర్చున్నాడు, లేచాడు, వంగాడు, గెంతాడు. అడక్కుండా ఇంకోసారి కూడా గెంతాడు. ప్యాంటు నిలిచింది. సంబంధం కుదిరింది.

పెళ్ళి జాకెట్టుకి ఆది పట్టుకుని భాలుబాసా వెళ్ళాను. జగ్గారావు మీసం నెరిసింది. ఆది తీసుకుంటూ, "ఒక్క దండం తల్లీ, దీన్ని మీ బాప్పకి సూపెట్టకు," అన్నాడు.

"నీ కుట్టు చిరగదని ధైర్యం ఉంటే భయం దేనికి మావా?" అన్నాను నవ్వుతూ.

"నా కుట్టు సిరగడమేటే!" అతనికి రోషం వచ్చింది. "ఆయేల నాను పక్కనే ఉన్నాను. మీ బాప్ప సేతివేళ్ళ మద్దిన సగం బ్లేడు ముక్క ఉన్నాది. తొమ్మిది సొక్కాలకీ దారం కోసీసినాది. నేకపోతే సంకలో ముక్కేసి కుట్టింది అలగ ఊడొత్తాదేటి? నిజంగా సిరిగింది పోలమ్మదొక్కటే."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"సెప్దామనే నోరు తెరిసినాను. గోడ కాడ ఆ గుంట మొకం సూసినాను." అతను నా ఆది జాకెట్టుని జాగ్రత్తగా మడత పెట్టాడు. "దొంగ దారం జగ్గారావని ఓ యేడాది అన్నారు. అననీ. కుట్టించుకునీవోడు కుట్టించుకుంతాడు."

నేను తిన్నగా బాప్ప ఇంటికి వెళ్ళాను. ఆమె వరండాలో కూర్చుని మావయ్య కొత్త చొక్కాకి బొత్తాలు లాగి చూస్తోంది. ఏడేళ్ళుగా తెలియని కోపం ఒక్కసారిగా తన్నుకొచ్చింది నాకు. పదిమందిలో నా చొక్కా కదా మొదట చిరిగింది, ఊరంతా కదా నవ్వింది!

"ఏం బాప్పా, నా చొక్కా చక్కగా సరిపోయింది. గెంతాను కూడా. చప్పట్లు కూడా కొట్టారు. అంత బాగా సరిపోయిన దాన్ని పట్టుకుని నువ్వెందుకు కోశావు?"

బాప్ప తల ఎత్తలేదు. మావయ్య చొక్కా చంకలో వేలు పెట్టి లాగి చూస్తూ అంది:

"సరిపోయినోల్లదే కొయ్యాల, సరిపోనిది దానంతటదే సిరుగుతాది కదేటే."